రెండు మిల్లీమీటర్ల మందంలో ఒక పనితనం

నల్లటి ప్లాస్టిక్ ఒర. జానెడు కంటే కురచ, చేతిలో పెడితే బరువే తెలియదు. గ్లాక్ 19 పిస్టల్ కోసం ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ షీటును వేడిచేసి, మడిచి, అచ్చు మీద నొక్కి తయారుచేసిన సరుకు. అమెరికాలో తుపాకుల దుకాణానికి వెళ్తే ఇలాంటివి గోడ నిండా వేలాడుతుంటాయి. టెక్సస్‌లో మా పేటలోనే ఉండే ఒక పెద్దాయన, ఏళ్ల తరబడి టూల్‌రూమ్‌లో మెషినిస్టుగా పనిచేసి రిటైరైన మనిషి, దీన్ని కొని తన గరాజ్‌లో తనకు కావలసినట్టు మార్చుకున్నారు. ఎక్కడెక్కడ చెయ్యి పడిందో చెప్పకుండానే నా చేతికిచ్చారు. కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసినా మొదట ఏమీ దొరకలేదు. భూతద్దం పట్టుకుని అంచుల వెంట చూడగా చూడగా ఒక్కొక్కటే బయటపడ్డాయి. చేతిపని మీద ఇష్టమున్నవాళ్లందరికీ చూపించాలనిపించింది.

హోల్‌స్టర్ అంటే మన ఊళ్లలో ఎస్సై నడుముకు కనిపించే తొడుగు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే పిస్టల్ ఉండకూడదు కాబట్టి, దాని తొడుగు గురించి మన ఇళ్లలో ఆలోచించే అవసరం దాదాపు రాదు. టెక్సస్ సంగతి వేరు. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇక్కడ 21 ఏళ్లు నిండి, చట్టపరంగా అడ్డేమీ లేనివాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ దగ్గర పెట్టుకుని తిరగవచ్చు. అయితే అది పైకి కనిపించేలా ఉంటే హోల్‌స్టర్‌లోనే ఉండాలని ఆ చట్టమే చెబుతుంది. ఈ చట్టం మంచిచెడ్డలు ఇక్కడి తెలుగు ఇళ్లలోనూ తరచూ వాదనకు వస్తాయి. అది వేరే చర్చ. పిస్టల్ నడుముకు ఉన్నంతసేపు దాని ట్రిగ్గర్‌కు కాపలా ఈ రెండు మిల్లీమీటర్ల ప్లాస్టికే. అందుకని దాన్ని ఎలా చేశారన్నది చిన్న విషయం కాదు.

గ్లాక్ విషయంలో ఇది మరీ నిజం. ఆస్ట్రియా ఇంజనీరు గాస్టన్ గ్లాక్ తమ దేశపు సైన్యం కోసం 1980ల మొదట్లో రూపొందించిన ఈ పిస్టల్‌కు బొటనవేలితో పైకీ కిందికీ జరిపే సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ మధ్యలో చిన్న నాలుకలాంటి ముక్క ఉంటుంది. వేలు దాన్నీ కలిపి వెనక్కి లాగితేనే ట్రిగ్గర్ కదులుతుంది. సుమారు రెండున్నర కిలోల బలం చాలు. అది వేలేనా, మడతపడ్డ చొక్కా అంచా, మెత్తబడిన తోలు ముక్కా అన్నది ట్రిగ్గర్‌కు తెలియదు.

తోలు హోల్‌స్టర్లకు టెక్సస్ పేరుమోసింది. ఎల్ పాసోలో ఎస్.డి. మైరెస్ జీనుల కంపెనీ 1920ల్లో టామ్ త్రీపర్సన్స్ అనే పోలీసు అధికారి పేరు మీద కుట్టిన హోల్‌స్టర్ ఇప్పటికీ ఒక నమూనా. అనవసరమైన తోలంతా తీసేసి, పిస్టల్‌ను ముందుకు వాల్చి, నడుముకు ఎత్తుగా నిలబెట్టిన పని అది. అందులో ట్రిగ్గర్ బయటికే ఉండేది. ఆనాటి రివాల్వర్లకు అది చెల్లింది. తోలుకు ఉన్న గొప్ప గుణం, వాడేకొద్దీ మనిషి ఒంటికి అలవాటుపడటం. దానికున్న చెడ్డ గుణమూ అదే. ఏళ్లు గడిచేసరికి మూతి దగ్గర అంచు మెత్తబడి లోపలికి ముడుచుకుంటుంది. పిస్టల్‌ను తిరిగి దించేటప్పుడు ఆ ముడత ట్రిగ్గర్ చుట్టూ ఉండే వలయం, ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరితే, తోలే వేలు చేయాల్సిన పని చేసేస్తుంది. ఇలా గుండు పేలి తొడలు గాయపడిన సంఘటనలు ఉన్నాయి.

ఆ సమస్యకు జవాబుగా నిలబడిన ప్లాస్టిక్ పేరు కైడెక్స్. అక్రిలిక్, పీవీసీ కలిపి చేసిన షీటు. ఫిలడెల్ఫియాకు చెందిన రోమ్ అండ్ హాస్ కంపెనీ 1965లో విమానాల లోపలి భాగాల కోసం తెచ్చింది. సీట్ల చుట్టూ, గోడలకు వాడటానికి గట్టిగా ఉండాలి, మంట అంటుకోకూడదు, గీతలు పడకూడదు, ఏ ఆకారానికైనా వంగాలి. ఈ గుణాలన్నీ హోల్‌స్టర్‌కూ కావలసినవే. ఎఫ్‌బీఐలో పనిచేసి వచ్చిన బిల్ రోజర్స్ 1970ల్లో దీంతో హోల్‌స్టర్లు చేసిన తొలివాళ్లలో ఒకరు. ఇప్పుడు కైడెక్స్ షీటు, చిన్న టోస్టర్ ఓవెన్, రెండు చెక్కల మధ్య మందపాటి స్పాంజి పెట్టిన ప్రెస్సు ఉంటే గరాజ్‌లోనే హోల్‌స్టర్ పుడుతుంది. షీటు మందం సాధారణంగా ఒకటిన్నర, రెండు, కొంచెం బరువైన పనికి సుమారు 2.4 మిల్లీమీటర్లు. నా చేతిలో ఉన్నది రెండు మిల్లీమీటర్లది.

ఈ పదార్థపు స్వభావం అర్థం కావాలంటే హైదరాబాద్ లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేచోట కాసేపు నిలబడితే చాలు. బొగ్గుల సెగకు లక్క మెత్తబడుతుంది, వేళ్లకు లొంగుతుంది, చల్లారగానే బిగుస్తుంది, మళ్లీ సెగ చూపితే మళ్లీ లొంగుతుంది. కైడెక్స్ కూడా అంతే. సుమారు 165 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ మధ్య అది చేతికి వస్తుంది. కానీ దీనికి జ్ఞాపకం ఉంది. ఫ్యాక్టరీలో చదునైన షీటుగా పుట్టింది కనుక, ఆకారం దిద్దిన తర్వాత మళ్లీ వేడి తగిలితే ఆ చదునుకే తిరిగి వెళ్లాలని చూస్తుంది. మార్పు కోసం ఒక చోట సెగ పెడితే, పక్కన ఉన్న వంపులు కూడా ఫ్యాక్టరీ ఇచ్చిన ఆకారాన్ని వదిలేయడానికి సిద్ధమవుతాయి. ఇంట్లో హోల్‌స్టర్లు పాడుచేసుకునేవాళ్లలో ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే.

ఆ పెద్దాయన చూపిన మొదటి జాగ్రత్త ఇంకా ముందుది. చేతిలో ఉన్న ప్లాస్టిక్ ఏదో తేల్చుకోవడం. బజార్లో దొరికే హోల్‌స్టర్లలో చాలా వాటిని గాజు నార కలిపిన నైలాన్‌ను కరిగించి అచ్చులోకి పోసి చేస్తారు. చూడటానికి రెండూ నల్లగానే ఉంటాయి. నైలాన్ నిదానంగా మెత్తబడే రకం కాదు. రకాన్ని బట్టి 220 లేదా 260 డిగ్రీల చుట్టుపక్కలకు వెళ్లేదాకా బెట్టుచేసి, అక్కడ ఒక్కసారిగా కరిగిపోతుంది. దాని మీద హీట్ గన్ పెడితే ఆకారం దిద్దుకోవడం ఉండదు, పాడవడమే. గుర్తుపట్టడం సులువు. షీటుతో చేసినదానికి మందం అంతటా ఒకటే, అంచులు కోసినట్టు ఉంటాయి. పోతపోసినదానికి లోపల పక్కటెముకల్లాంటి గట్లు, ఒకచోట మందం ఒకచోట పలుచన, అచ్చు రెండు సగాలు కలిసిన సన్నని గీత కనిపిస్తాయి. అలాంటిదైతే ఆయన ఆకురాయితో, మూతికి మాస్కుతో సరిపెడతారు. గాజు నార పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇక ఈ హోల్‌స్టర్‌ను ఎందుకు మార్చవలసి వచ్చిందంటే, కంటిచూపు. వయసు మీద పడ్డాక గురిచూసే ముందు సైటు మసకబారుతుంది. పిస్టల్ పైభాగమైన స్లైడ్ మీద ఎర్ర చుక్క చూపించే చిన్న అద్దపు సైటు పెట్టుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది. 2015 నుంచి గ్లాక్ కంపెనీయే దాన్ని బిగించడానికి వీలుగా ఎంఓఎస్ పేరుతో స్లైడ్‌లు చేస్తోంది. అయితే ఈ హోల్‌స్టర్‌ను నొక్కిన అచ్చు ఆ సైటు లేని పిస్టల్‌ది. పిస్టల్ పూర్తిగా దిగకముందే సైటు డబ్బా హోల్‌స్టర్ మూతికి తగిలి ఆగిపోతుంది. కొత్తది కొనవచ్చు. ఆయన దీన్నే మార్చారు.

తియ్యవలసిన భాగం హోల్‌స్టర్ వెన్నుకు పై కొసన ఉంది. ఒకే షీటును మడిచి చేసిన రకం కాబట్టి, ఒక పక్క మడత, ఇంకో పక్క రెండు అంచులు కలిపి ఐలెట్లతో, అంటే బోలు రివెట్లతో, బిగించిన కుట్టు. సైటు నడిచే సన్నని కాలువ ఆ మడతలోనే ఉంటుంది. మొత్తం తొడుగుకు బిగువు ఇచ్చేది కూడా మడతే. ఆయన కోసింది సరిగ్గా దాన్నే. సైటు వెడల్పుకు కొంచెం ఎక్కువగా, వేలి వెడల్పుకు పైన లోతుతో, యూ అక్షరం ఆకారంలో.

ఈ కోతను నేను చాలాసేపు చూశాను. అడుగున రెండు మూలలూ గుండ్రంగా ఉన్నాయి. రంపంతో నేరుగా కోసి మూల తిప్పితే, ఆ మూల ఎంత చక్కగా కనిపించినా, పిస్టల్ లోపలికి బయటికి వెళ్లినప్పుడల్లా లాగుడంతా ఆ కొసకే చేరి, కొన్నాళ్లకు అక్కడినుంచి వెంట్రుకవాసి పగులు మొదలవుతుంది. అందుకని ముందు మూలలు రాబోయేచోట రెండు గుండ్రటి బెజ్జాలు డ్రిల్లు చేసి, తర్వాత పైనుంచి వాటిదాకా రంపం దించారు. బెజ్జపు వంపే మూల వంపుగా మిగిలింది. మెషిన్ షాపుల్లో ఇది తెలిసిన విద్యే. ఇంట్లో చేసేవాళ్లలో ఎంతమంది గుర్తుపెట్టుకుంటారు? గీత మీదే రంపం నడపకుండా గీతకు లోపలివైపు పదార్థం మిగిల్చి, ఆ మిగిలినదాన్ని ఆకురాయితో అరగదీశారు. మాస్కింగ్ టేపు అంటించి దాని మీద పెన్సిల్‌తో గీత గీశారు. టేపు ఉంటే గీత స్పష్టంగా కనిపిస్తుంది, ఆకురాయి జారినా పక్క ముఖం మీద గీరు పడదు.

అంచు మీద మరింత ఓపిక పెట్టారు. కోసిన కైడెక్స్ అంచు గరుకుగా, బూడిదరంగుగా తేలుతుంది. ముందు చాకు అంచును నిలువుగా పట్టి గీరితే రంపపు పళ్ల గుర్తులు పోతాయి. తర్వాత 220 నంబరు సాండ్ పేపరు, 400, 600, చివర్లో గుడ్డ చక్రం మీద మెరుగు. అవి ఎవరైనా చేస్తారు. భూతద్దం కింద చూస్తే నాకు ఇంకొకటి కనిపించింది. బయటివైపు అంచును కొంచెమే మొద్దుబరిచారు. లోపలివైపు, అంటే సైటు డబ్బా దిగే దారిలో, పైనుంచి లోపలికి వాలు వచ్చేలా ఎక్కువగా గుండ్రం చేశారు. పిస్టల్ కొంచెం వంకరగా దిగినా ఆ వాలు దాన్ని దారిలోకి తెస్తుంది. ఫ్యాక్టరీలో సాధారణంగా రెండు వైపులా ఒకే రూటర్ బిట్‌తో ఒకే గుండ్రం ఇస్తారు. ఈ తేడా చేతిపనిని పట్టిస్తుంది. చీకట్లో వేలు పెట్టి తడిమితే ఏ వైపు లోపలో ఏ వైపు బయటో చెప్పేయవచ్చు.

కోత వల్ల వచ్చే నష్టం ఆయనకు ముందే తెలుసు. మడతలో ముక్క తీసేశాక రెండు గోడలనూ దగ్గరగా పట్టి ఉంచే బలం తగ్గింది. మూతి విచ్చుకుంది. పిస్టల్ దిగినప్పుడు వినిపించే ‘టక్’ మెత్తబడింది. ఆ చప్పుడు ఎక్కడిదంటే, ట్రిగ్గర్ గార్డ్ ముందుభాగపు ఖాళీలోకి హోల్‌స్టర్ గోడ నుంచి ఒక చిన్న గుంట లోపలికి పొంగి ఉంటుంది. గార్డ్ ఆ గుంటను దాటి కూర్చున్నప్పుడు టక్‌మంటుంది. పిస్టల్ తనంతట తాను జారిపోకుండా పట్టుకునేది అదే. మూతి సడలగానే ఆ పట్టు సడలింది. దీనికి చాలామంది చేసే పని, కింద ఉన్న రబ్బరు వాషర్ స్క్రూను ఇంకా బిగించడం. దాంతో గోడలు వంకరపోయి, దించేటప్పుడు ఒక పక్క ఒరుసుకుంటుంది. ఆయన స్క్రూను ఫ్యాక్టరీలో ఉన్నంతకే ఉంచి, గుంటను దిద్దారు.

అంటే సెగ పెట్టవలసింది ట్రిగ్గర్‌కు బొటనవేలి దూరంలో. ఈ మొత్తం పనిలో నాకు గుండె ఝల్లుమనిపించిన భాగం ఇది. గుంట లోతు పెంచితే పట్టు పెరుగుతుంది. ఎక్కువ లోతైతే, ఎక్కువ వెనక్కి జరిగితే, ఆ పొంగే ట్రిగ్గర్‌ను తాకుతుంది. తాకితే హోల్‌స్టర్ పుట్టిన కారణమే పోయినట్టు. కాబట్టి గుంటను వెనక్కి ఒక్క వెంట్రుక కూడా రానివ్వకుండా, గార్డ్ ముందు వంపుకు ఆనుకున్న అంచులోనే లోతు పెంచాలి.

సెగ పెట్టేటప్పుడు పిస్టల్‌ను అసలు గదిలోకే తేలేదు. లోపల పెట్టింది పాలీయూరిథేన్‌తో అదే కొలతలకు పోసిన నీలిరంగు నమూనా. గ్లాక్ ఫ్రేమ్ కూడా పాలిమరే కనుక అంత వేడికి దాన్ని గురిచేయడం బుద్ధితక్కువ పని. గుంట చుట్టూ మిగతా గోడనంతా అల్యూమినియం టేపు రెండు మూడు పొరలతో కప్పి, పని జరగాల్సిన చోటే కిటికీలా తెరిచి ఉంచారు. హీట్ గన్ మూతి దగ్గర గాలి 500 డిగ్రీలు కూడా దాటగలదు. అందుకని దూరంగా పట్టుకుని, ఒకచోట ఆపకుండా తిప్పుతూ ఉన్నారు. కైడెక్స్ మీద పలచటి గరుకు నేత ఉంటుంది. అది నున్నబడి మెరవడం మొదలైందంటే వేడి ఎక్కువైనట్టు. అక్కడ ఆపకపోతే బుడగలు వస్తాయి, ఆ తర్వాత పీవీసీ మాడి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. గరాజ్ తలుపు ఎత్తి ఉంచడానికి అదే కారణం. ఈ హోల్‌స్టర్ మీద ఆ నేత చెక్కుచెదరలేదు. ఆరోగ్యంగా ఉన్న చర్మం ఎంత సహజంగా ఉంటుందో గుంట చుట్టూ అంత సహజంగా ఉంది. మెత్తబడగానే తోలు చుట్టిన గుండ్రటి చెక్క మొనతో నొక్కి, చల్లారేదాకా అలాగే పట్టుకున్నారు. కాస్త వేడి ఉండగానే వదిలేస్తే జ్ఞాపకం పనిచేస్తుంది, గుంట వెనక్కి లేస్తుంది.

తర్వాత చేసిన పరీక్షే ఆయన్ను మెషినిస్టు అని పట్టిస్తుంది. రెండు లోహపు ముఖాలు ఎక్కడెక్కడ తాకుతున్నాయో తెలుసుకోవడానికి మెషిన్ షాపుల్లో నీలిరంగు పేస్టును పలచగా పూస్తారు. తాకినచోట రంగు అంటుకుంటుంది. ఆయన దాన్ని తిరగేసి వాడారు. తూటాలన్నీ ఇంకో గదిలో ఉంచి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీ అని కంటితో ఒకసారి, చిటికెన వేలితో ఒకసారి చూసి, అప్పుడు అసలు పిస్టల్ తెచ్చారు. ట్రిగ్గర్ ముఖం మీద, పక్కల మీద రంగు పూశారు. హోల్‌స్టర్‌లోకి దించారు, తీశారు, అటూ ఇటూ ఒత్తారు, బయటినుంచి గోడను బొటనవేలితో గట్టిగా నొక్కారు. తర్వాత టార్చి వేసి లోపల చూశారు. గోడ మీద నీలం ఎక్కడా లేదు. రంగు అంటకపోవడమే ఇక్కడ రుజువు. పరీక్షను అలా ఆలోచించడం నాకు ఎంతో నచ్చింది. ఆ తర్వాతే ఖాళీ పిస్టల్‌తో హోల్‌స్టర్‌ను మంచం మీద తలకిందులుగా పట్టి ఊపి చూడటం. జారలేదు. గట్టిగా పట్టి లాగితే ఒకే ఊపులో వచ్చింది.

మిగతా మార్పులు చిన్నవి. నడుము పట్టీ లోపల ముందువైపు పెట్టుకునే రకం కనుక, పిడి చొక్కా కింద పొడుచుకురాకుండా బెల్టును ఆనుకుని తోసే రెక్క ముక్కను పావు అంగుళం జరిపి బిగించారు. ఇత్తడి ఐలెట్ ఒకటి తీసి దాని స్థానంలో స్క్రూ వేశారు. ఐలెట్ ఒకసారి విరబూస్తే మళ్లీ సర్దలేం, స్క్రూ అయితే మార్చుకోవచ్చు. పొట్టవైపు గోడ పైఅంచును ఒకింత బయటికి వంచారు, కూర్చున్నప్పుడు ఒంటికి గుచ్చుకోకుండా. వంపు ఎక్కడ మొదలైందో కనిపించనంత నెమ్మదిగా తిరిగింది. చూడ్డానికి సులువుగా ఉన్నా, రెండు అంగుళాల పొడవున వేడి సమానంగా ఎక్కితే తప్ప అలా రాదు.

నాకు నచ్చనిది ఒకటే ఉంది. రెక్క జరిపాక మిగిలిన పాత బెజ్జాన్ని అలాగే వదిలేశారు. దానికి ఆయన కారణం ఆయనకుంది. అతికించిన బిరడా ఏదో ఒకరోజు ఊడి లోపల పడితే, అది ఎటు వెళ్లి ఎక్కడ ఇరుక్కుంటుందో ఎవరూ చెప్పలేరు. మాట నిజమే. అయినా అంత శ్రద్ధగా దిద్దిన ముఖం మీద ఆ ఖాళీ కన్ను నాకు వెలితిగానే అనిపిస్తుంది. కనీసం దాని అంచుకైనా మెరుగు పెట్టి ఉండాల్సింది.

ఈ పని చూసి ముచ్చటపడిన ఒక స్నేహితుడు, ఎడమచేతివాటం మనిషి, తన కుడిచేతి హోల్‌స్టర్‌ను ఎడమచేతికి తిరగేసి ఇవ్వమని అడిగాడు. వేడి చేసి చదునుచేసి మళ్లీ మడిస్తే సరిపోదా అని అతని ఆలోచన. ఆయన ఒప్పుకోలేదు. ఒకసారి లోతుగా సాగిన షీటు సాగినచోటల్లా పలచబడి ఉంటుందని, మళ్లీ సాగదీస్తే ట్రిగ్గర్ గార్డ్ దగ్గరే అన్నిటికంటే బలహీనంగా తయారవుతుందని చెప్పారు. కొత్త షీటు తెచ్చుకో, మొదటినుంచి కూర్చుని చేద్దాం అన్నారు. ఆ కొత్త షీటు ఇప్పుడు గరాజ్‌లో బల్ల మీద ఉంది, పైన కాగితపు నమూనా పెట్టి తెల్ల పెన్సిల్‌తో గీసి.